ఎడమ పక్క పొడుస్తోంది, గుండేనా? పాతికేళ్ళ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర ఒక పల్లె. 2022లో నాకు పాతికేళ్ళు. అప్పుడు ఒంగోలులో హాస్టల్లో ఉండి డీఎస్సీకి, అంటే ప్రభుత్వ టీచరు పరీక్షకు, చదువుతుండేదాన్ని. ఆ ఏడు ఫిబ్రవరి 21న మా ఎమ్మెల్యే, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు 50 ఏళ్ళకే గుండె ఆగి పోయారు. ముందురోజు దాకా తిరిగిన మనిషి. ఉదయగిరిలో జరిగిన అంత్యక్రియలకు మా నాయన వెళ్ళొచ్చి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ తర్వాత రెండు వారాలకు నాకు ఎడమ ఛాతీలో సూదితో పొడిచినట్టు నొప్పి మొదలైంది. తొమ్మిది నెలల్లో ఐదుసార్లు ఈసీజీ తీయించుకున్నాను. రాత్రి పడుకునే ముందు, తెల్లవారి లేస్తానో లేదోనని అమ్మకు ఫోన్ చేసి గొంతు వినేదాన్ని.

నేను డాక్టర్ని కాదు, బళ్ళో పాఠాలు చెప్పే మనిషిని. ఇక్కడ రాసింది నన్ను చూసిన డాక్టర్లు చెప్పింది, ఆ తర్వాత నేను ఓపిగ్గా చదివి తెలుసుకున్నది. నా సంగతి తెలిసిన వాళ్ళు తమ తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ నా దగ్గరికి పంపుతుంటారు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇవి.

నాకు ఇప్పుడే నొప్పి వస్తోంది. చదువుతూ కూర్చోవచ్చా?

ముందు ఇది చూసుకోండి. ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు బరువుగా ఉందా? ఎవరో పట్టి పిండుతున్నట్టు బిగిసిందా? ఆ నొప్పి చేతికో, దవడకో, మెడకో, వీపుకో పాకుతోందా? చల్లటి చెమటలు పట్టడం, వాంతి, ఊపిరి అందకపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం ఉన్నాయా? వీటిలో ఏది ఉన్నా వయసు లెక్క చూడొద్దు. 108కి ఫోన్ చేయండి. బండి మీద మీరే నడుపుకుంటూ వెళ్ళొద్దు. ఉదయగిరి, పామూరు, సీఎస్ పురం లాంటి దూరపు చోట్ల ఉంటే, నేరుగా నెల్లూరు పెద్దాసుపత్రికే పోదామని గంటలు పోగొట్టుకోకుండా ముందు ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రికి చేరండి. గుండెపోటే అయితే రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షను ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది.

ఇంకో రెండు సంగతులు కుర్రవాళ్ళకు ప్రత్యేకం. సన్నగా పొడుగ్గా ఉండే మగపిల్లలకు, అందులో సిగరెట్టు తాగే వాళ్ళకు, ఉన్నట్టుండి ఒక పక్క కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చి ఆయాసం మొదలైతే ఊపిరితిత్తి చిల్లు పడి గాలి బయటికి చేరి ఉండొచ్చు. కాన్పయిన కొత్తలో ఉన్న ఆడవాళ్ళకు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకు, కాలు విరిగి మంచం మీదున్న వాళ్ళకు ఒక కాలి పిక్క వాచి, ఆ తర్వాత ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే కాలిలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. రెండూ ఆలస్యం చేయకూడనివి.

ఇవేవీ లేకపోతే కూర్చోండి, నీళ్ళు తాగండి, మిగతాది చదవండి. అయినా ఒకసారి డాక్టరుకు చూపించుకోవడం మాత్రం మానొద్దు.

నాకు 24. ఈ వయసులో గుండెపోటు వస్తుందా?

వస్తుంది, కానీ చాలా అరుదు. ఈ వయసులో ఛాతీ నొప్పితో వచ్చే వాళ్ళలో ఎక్కువ మందికి అది ఎముకల నొప్పో, కడుపు మంటో, ఆందోళనో అవుతుంది.

"ఈమధ్య అందరికీ చిన్న వయసులోనే వస్తోంది కదా" అనే మాటలో కొంత నిజం ఉంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53గా, మిగతా దేశాల వాళ్ళకు దాదాపు 59గా తేలింది. అంటే మనకు ఐదారేళ్ళు ముందు వస్తోంది. అయితే ఆ అంకె 53, 24 కాదు. పైగా మన వాళ్ళకు ముందే రావడానికి కారణాలు కూడా అందులోనే బయటపడ్డాయి: పొగ తాగడం, చెడు కొవ్వు, షుగరు, బీపీ, నడుం చుట్టూ పెరిగే కొవ్వు, ఒళ్ళు కదలకపోవడం లాంటివి. ఇవన్నీ ముందుగా కనిపెట్టి సరిదిద్దుకోగలిగినవి.

కుర్రవాళ్ళలో డాక్టరు గట్టిగా ఆరా తీసే కేసులు వేరే ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా 40, 50 ఏళ్ళలోపు హఠాత్తుగా చనిపోయారా, ఆడుతూ పరుగెడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పారా, చిన్నప్పుడు కీళ్ళ వాపుతో జ్వరం వచ్చి తర్వాత గుండె కవాటం (వాల్వు) దెబ్బతిందన్నారా, వైరల్ జ్వరం తగ్గిన వారం పది రోజులకు నొప్పి మొదలైందా అని అడుగుతారు. చివరిది గుర్తుపెట్టుకోండి. జ్వరం తర్వాత గుండె పైపొర వాస్తే నొప్పి పడుకుంటే పెరుగుతుంది, ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంది. ఈ సంగతి అడగకముందే చెప్పేయండి.

గుండె కాకపోతే మరి ఏంటి ఆ నొప్పి?

నాకున్నదే ముందు చెబుతాను. పక్కటెముకలు రొమ్ము ఎముకకు నేరుగా అతుక్కోవు. మధ్యలో మెత్తటి మృదులాస్థి ఉంటుంది. అది నొప్పెడితే కాస్టోకాండ్రైటిస్ అంటారు. వేలితో ఒక చోట నొక్కితే "అబ్బా, ఇక్కడే" అని చూపించగలగడం దాని గుర్తు. వంగినా, మెలి తిరిగినా, గట్టిగా దగ్గినా, బరువు ఎత్తినా పెరుగుతుంది. నాది ఎడమ వైపు మూడో పక్కటెముక మొదట్లో ఉండేది. రోజుకు పది గంటలు నేల మీద చాప వేసుకుని వంగి నోట్సు రాసేదాన్ని. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను రెండో అంతస్తుకు మోసేదాన్ని. ఆ రెండింటినీ నొప్పితో కలిపి చూడాలని నాకు తట్టలేదు. మా వైపు రొయ్యల గుంటల దగ్గర మేత బస్తాలు మోసే పిల్లలకు, చీమకుర్తిలో గ్రానైటు పనికి పోయేవాళ్ళకు, జిమ్ములో కొత్తగా చేరి మొదటి వారమే బెంచి ప్రెస్ చేసేవాళ్ళకు ఇలాంటి నొప్పులు వస్తూనే ఉంటాయి. ఛాతీ కండరం కూడా ఒళ్ళే కదా, కాళ్ళు నొచ్చినట్టే అదీ నొస్తుంది.

ఇంకోటి ఉంది. దానికి తెలుగులో పేరు లేదు, ఇంగ్లీషులో ప్రికార్డియల్ క్యాచ్ అంటారు. ఊరికే కూర్చున్నప్పుడు ఎడమ పక్క ఒక చిన్న చోట చురుక్కున పొడుస్తుంది. ఊపిరి లోపలికి లాగితే ఇంకా పొడుస్తుంది కాబట్టి చిన్న చిన్నగా పీలుస్తాం. కొన్ని సెకన్లలో, మహా అయితే రెండు మూడు నిమిషాల్లో వచ్చినట్టే మాయమవుతుంది. పిల్లల్లో, ఇరవైల్లో ఉన్నవాళ్ళలో ఇది మామూలు. 1955లో మిల్లర్, టెక్సిడోర్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు దీని గురించి రాశారు. వాళ్ళలో మిల్లర్‌కే ఈ నొప్పి ఉండేది. తనకు వచ్చిన నొప్పినే గమనించి రాసిన డాక్టరు ఉన్నాడని చదివినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. దీనివల్ల గుండెకు ఏమీ కాదు. మందు కూడా అక్కర్లేదు.

మిగతావి: కడుపులోని పులుపు పైకి ఎగదన్ని రొమ్ము ఎముక వెనక మంట. ఊపిరితిత్తి పొరకు నెమ్ము పట్టి, ఊపిరి తీస్తే నొప్పి; దీంతో పాటు సాయంత్రం పూట సన్నటి జ్వరం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష తప్పక చేయించాలి. సర్పి లేచే ముందు పొక్కులు కనబడకముందే ఒక పక్క మంట. ఆడపిల్లలకు నెలసరి ముందు రొమ్ముల్లో వచ్చే నొప్పిని కూడా గుండె నొప్పి అనుకుని బెదిరిపోయిన వాళ్ళను చూశాను. రక్తహీనత, థైరాయిడ్ ఉన్నా గుండె దడదడ కొట్టుకుంటుంది. మన ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉండటం ఎంత మామూలో తెలుసు కదా, హిమోగ్లోబిన్ చూపించుకోకుండా దడకు మందులు మింగొద్దు.

ఎడమ పక్కే వస్తోంది. అంటే గుండేగా?

గుండె ఛాతీ మధ్యలో, కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. గుండెపోటు నొప్పి ఎక్కువగా మధ్యలో, అరచెయ్యంత మేర, ఇక్కడ అని వేలితో చూపించలేనట్టు ఉంటుంది. ఒక్క వేలితో చూపించగలిగే, నొక్కితే పెరిగే నొప్పి గుండెది అయ్యే అవకాశం తక్కువ. తక్కువే, అసలు లేదని కాదు. అందుకే ఒక్కసారైనా డాక్టరు చూడాలి.

మా ఇంట్లో "గ్యాసులే" అంటున్నారు. నమ్మాలా?

మన ఇళ్ళలో గ్యాసు అనేది అన్ని నొప్పులకూ ఒకటే పేరు. నేను మొదటిసారి చెప్పినప్పుడు మా అవ్వ, "ఏందిమే, ఈ వయసులో గుండె నొప్పేంది? రాత్రి మామిడికాయ వేసిన చేపల పులుసు తిన్నావు, గ్యాసు ఎక్కుండాది, వాము నమిలి నీళ్ళు తాగు" అంది. ప్రేమతోనే అంది. ఆ మాటతో ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది.

కొన్నిసార్లు అది నిజంగా గ్యాసే. రాత్రి పది దాటాక నెల్లూరు కారం దోసెలు తిని వెంటనే పడుకుంటే కడుపు పులుపు గొంతు దాకా వస్తుంది. పుల్లటి తేన్పులు, రొమ్ము ఎముక వెనక మంట, పడుకుంటే ఎక్కువవడం, తెల్లారి గొంతులో గరగర ఉంటే అది కడుపుదే కావొచ్చు. తిండికీ నిద్రకీ మధ్య రెండు మూడు గంటలు ఉంచడం, తలవైపు మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయడం, పొగ, తాగుడు మానడం చాలామందికి పనిచేస్తుంది. డాక్టరు కొన్ని వారాలకు పులుపు తగ్గించే బిళ్ళ రాస్తారు. మందుల షాపులో అడిగి ఏళ్ళ తరబడి మింగడం వేరు, అది చేయొద్దు.

కానీ గ్యాసు అన్న మాట ప్రాణం తీసిన ఇళ్ళూ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నాయి. మా పెదనాన్న వరసాయన 47 ఏళ్ళకు ఛాతీ బరువుగా ఉందంటే సోడా తాగించి పడుకోబెట్టారు. తెల్లారి లేవలేదు. అందుకే నేను ఇంట్లో ఎవరికీ గ్యాసు అని చెప్పను. చెమట, ఆయాసం, చేతికి పాకే నొప్పి ఉందా అని మాత్రం అడుగుతాను. మీరూ అదే అడగండి, ముఖ్యంగా అమ్మానాన్నల్ని. పాతికేళ్ళ వాళ్ళం మన గుండె గురించి భయపడుతూ, యాభై దాటి, షుగరు ఉండి, రోజూ బీడీ కాల్చే నాయన "కొంచెం ఆయాసంగా ఉండాదిరా" అంటే పట్టించుకోం. షుగరు ఉన్నవాళ్ళకు గుండెపోటు నొప్పి లేకుండా ఆయాసంతోనే రావొచ్చు.

గుండె దడ, చేతి వేళ్ళ తిమ్మిరి, గొంతు బిగుసుకోవడం, ఇప్పుడే పోతానేమో అన్న భయం. ఇది ఏంటి?

భయం ఒక్కసారిగా ముంచుకొచ్చే ఈ స్థితిని పానిక్ ఎటాక్ అంటారు. చాలావరకు పది నిమిషాల్లోపే శిఖరానికి చేరి, తర్వాత మెల్లగా దిగిపోతుంది. నాకు మొదటిది ఒంగోలు నుంచి ఇంటికి వస్తుంటే, బస్సు కావలి దాటాక వచ్చింది. చేతులు చచ్చుబడ్డట్టు అయ్యాయి. పక్కన కూర్చున్న పెద్దావిడ నా అరచేతులు రుద్దుతూ, "భయపడబాకమ్మా, నేనుండా" అంటూనే ఉంది. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

వేళ్ళు తిమ్మిరెక్కడానికి కారణం ఉంది. భయంలో తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం. రక్తంలో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో వేళ్ళు, పెదాల చుట్టూ చిమచిమలు, తల తేలిపోవడం, ఛాతీ బిగుసుకోవడం వస్తాయి. అవి చూసి ఇంకా భయం, ఇంకా గబగబా ఊపిరి. ఈ చక్రం తెగాలంటే ఊపిరి వదలడం నెమ్మది చేయాలి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చేయండి. ప్లాస్టిక్ కవరు ముఖానికి పెట్టుకోమని ఎవరన్నా చెబితే వినొద్దు, అది ప్రమాదం.

ఇది మన తరం కనిపెట్టిన జబ్బేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసంతో వచ్చిన కుర్ర సైనికుల గురించి డా కోస్టా అనే డాక్టరు 1871లోనే రాశాడు. ఎంత వెతికినా గుండెలో జబ్బు దొరకని వాళ్ళు వాళ్ళలో ఎందరో. వాళ్ళు యుద్ధంలో ఉన్నారు. మనలో కొందరు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని పరీక్షకు ఏళ్ళ తరబడి చదువుతున్నారు, కొందరు రొయ్యలకు జబ్బొచ్చి గుంట పోతే అప్పు ఎలా తీర్చాలని రాత్రంతా గట్టు మీద కూర్చుంటున్నారు. ఒళ్ళు తట్టుకోలేనప్పుడు ఎక్కడో ఒకచోట చెబుతుంది.

ఒక్క హెచ్చరిక. మొదటిసారి ఇలా వస్తే పానిక్ అని మీకు మీరే తేల్చుకోవద్దు. ఆ మాట డాక్టరు చెప్పాలి.

ఏ పరీక్షలు చేయిస్తారు? ఎక్కడికి వెళ్ళాలి?

మొదట మంచి జనరల్ ఫిజిషియన్ చాలు. నెల్లూరులో అయితే పొగతోట అంతా డాక్టర్లే. ఖర్చు భయం ఉంటే నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి, ఒంగోలులో జనం ఇప్పటికీ రిమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. ఉదయం తొందరగా వెళ్ళి ఓపీ చీటీ రాయించుకోండి.

డాక్టరు చేత్తో నొక్కి, స్టెతస్కోపు పెట్టి, బీపీ చూసి, మీ మాట పూర్తిగా వినడమే సగం పరీక్ష. ఆ తర్వాత ఈసీజీ. ఛాతీకి, కాళ్ళూ చేతులకు పది తీగలు తగిలించి పన్నెండు కోణాల్లో గుండె కరెంటును కాగితం మీద చూపిస్తుంది. నిమిషాల పని, నొప్పి ఉండదు. అనుమానం ఉంటే ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష. గుండె కండరం దెబ్బతింటే అది రక్తంలో పెరుగుతుంది, కానీ కొన్ని గంటలు పడుతుంది. అందుకే నొప్పి మొదలైన గంటలోనే చేసి బాగుందంటే సరిపోదు, మళ్ళీ ఒకసారి చేస్తారు. టూడీ ఎకో అనే గుండె స్కానులో గుండె కొట్టుకోవడం, కవాటాలు, గోడల మందం కనిపిస్తాయి. నడిస్తే వచ్చే నొప్పి అయితే ట్రెడ్‌మిల్ పరీక్ష పెడతారు. ఊపిరితిత్తులకు ఎక్స్‌రే. వీటన్నిటితో పాటు కొవ్వు, షుగరు, థైరాయిడ్, హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకుంటే మేలు.

అన్నీ అందరికీ అక్కర్లేదు. గుండె రక్తనాళాలను చూసే సీటీ యాంజియో స్కాను చేయించమని మీరే అడగొద్దు. అందులో రేడియేషన్, రంగు మందు ఉంటాయి. డాక్టరు అవసరమంటేనే చేయించుకోండి.

ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది. అయినా నొప్పి పోలేదు. వాళ్ళు ఏదో కనిపెట్టలేకపోయారేమో?

ఈ ప్రశ్న కోసమే నేను ఇదంతా రాస్తున్నాను.

మొదటి ఈసీజీ బాగుందన్నప్పుడు నాకు వారం రోజులు నొప్పి లేదు. రెండోదానికి రెండు రోజులు. మూడోదానికి ఆ సాయంత్రం దాకా. నాలుగోసారి ఆ కాగితం చేత్తో పట్టుకుని ఆటో ఎక్కాను, అద్దంకి బస్టాండు రాకముందే, "తీసినప్పుడు నొప్పి లేదు కదా, అందుకే బాగా వచ్చిందేమో" అన్న ఆలోచన మొదలైంది. నొప్పి తగ్గించే శక్తి ఆ కాగితానికి లేదు, అది భయాన్ని కాసేపు పక్కకు నెడుతుందంతే. ప్రతిసారీ కాస్త తక్కువసేపు. మధ్యలో ఒక చిన్న క్లినిక్కులో, "కవాటంలో తేడా ఉండొచ్చు, చెన్నై పోయి చూపించుకో" అని సరిగా పరీక్షించకుండానే అన్నారు. ఆ ఒక్క మాట నాకు మూడు నెలల నిద్ర పోగొట్టింది. ఎకో చేస్తే కవాటాలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

చివరికి ఒక పెద్దావిడ, జనరల్ ఫిజిషియన్, నా ఫైలంతా పక్కన పెట్టి ఒక వేలితో నొక్కి "ఇదేనా?" అన్నారు. సరిగ్గా అదే. నీళ్ళ క్యాను ఎవరు మోస్తారు, రాసేటప్పుడు ఎలా కూర్చుంటావు, ఇంట్లో ఈమధ్య ఎవరు పోయారు అని అడిగారు. ఆఖరి ప్రశ్నకు నేను ఏడ్చేశాను. అప్పుడు ఆమె అన్న మాట: "నీకు రెండున్నాయమ్మా. ఒకటి ఎముక నొప్పి, ఒకటి భయం. రెండూ నిజమే. రెంటికీ వైద్యం చేద్దాం." తొమ్మిది నెలల్లో "ఏమీ లేదు, పో" అనని మొదటి మనిషి ఆమె.

కాబట్టి నా మాట ఇది. ఒకసారి సరిగ్గా చూపించుకోండి. ఒకే డాక్టరును పట్టుకోండి. పరీక్షలు బాగున్నాయంటే, "మళ్ళీ ఎప్పుడు రావాలి, ఏ లక్షణం ఉంటే ముందే రావాలి" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. నొప్పి తీరు మారితే, కొత్తగా ఆయాసమో స్పృహ తప్పడమో చేరితే నిస్సంకోచంగా వెళ్ళండి. తీరు మారకపోతే ఆ తేదీ దాకా ఆగండి. ఆ ఆగడమే వైద్యంలో భాగం. నాడి పట్టి చూసుకోవడం, ఛాతీ నొక్కి చూసుకోవడం నేను రోజుకు నలభై, యాభైసార్లు చేసేదాన్ని. నొక్కీ నొక్కీ ఆ చోటు ఇంకా నొప్పెట్టింది. దాన్ని రోజుకు పదికి, తర్వాత రెండుకి తగ్గించుకుంటూ వచ్చాను. రాత్రి తొమ్మిది తర్వాత ఫోనులో జబ్బుల గురించి వెతకడం పూర్తిగా ఆపేశాను.

భయానికి వైద్యం అంటే పిచ్చి అని కాదు. ఆలోచనల తీరును గమనించి మార్చే కౌన్సెలింగ్ ఉంది, సీబీటీ అంటారు. గుండెది కాని ఛాతీ నొప్పికి అది పనిచేస్తుంది. కొందరికి కొన్ని నెలలు మాత్రలు కూడా కావాలి. ఊళ్ళో ఎవరికీ తెలియకూడదనుకుంటే మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇదంతా కోవిడ్ టీకా వల్లనే అంటున్నారు. నిజమా?

ఇది నన్ను అడగని ఇల్లు లేదు. ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన 18 నుంచి 45 ఏళ్ళ వాళ్ళ మీద భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల ద్వారా అధ్యయనం చేసి 2023లో ప్రచురించింది. 729 మరణాలను, అదే వయసు, అదే ప్రాంతం వాళ్ళు 2,916 మందితో పోల్చి చూశారు. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని, రెండు డోసులు వేసుకున్నవాళ్ళలో తగ్గిందని తేలింది. ముప్పు పెంచినవి వేరే: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో హఠాన్మరణాల చరిత్ర, చావుకు ముందు 48 గంటల్లో విపరీతంగా తాగడం, మత్తు పదార్థాలు, ఒంటికి మించిన శ్రమ. కొన్ని టీకాల తర్వాత కుర్రవాళ్ళలో అరుదుగా గుండె కండరం వాపు వచ్చిన మాట నిజం, కానీ అది ఎక్కువగా కనబడింది మన దగ్గర పెద్దగా వేయని ఎంఆర్‌ఎన్‌ఏ రకం టీకాలతో, వేసుకున్న కొద్ది రోజుల్లోనే. ఏళ్ళ తర్వాత ఇప్పుడు వచ్చే పొడుపుకు దాన్ని తప్పు పట్టక్కర్లేదు.

జిమ్ములో చనిపోతున్నారు కదా. వ్యాయామం మానేయనా?

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకు పోయినప్పటి నుంచి ఈ భయం. నేను కూడా మెట్లెక్కడం మానేశాను. ఆర్నెల్లలో ఒళ్ళు ఎంత చెడిందంటే, మొదటి అంతస్తుకే గుండె దడదడలాడేది, దాన్ని చూసి ఇంకా భయం.

పరీక్షలు బాగున్నాయని డాక్టరు చెప్పాక నడవండి. ఒంగోలులో అయితే తెల్లవారి ఐదున్నరకు ఏ కాలేజీ గ్రౌండుకు వెళ్ళినా నడిచేవాళ్ళు తోడుంటారు. మెల్లగా మొదలుపెట్టి వారం వారం పెంచండి. శ్రమ చేస్తున్నప్పుడు ఛాతీ బిగుసుకున్నా, కళ్ళు తిరిగినా ఆపి, వెంటనే చూపించుకోండి. జ్వరం ఉన్నప్పుడు, తగ్గిన కొత్తలో జిమ్ము వద్దు.

సిగరెట్టు రోజుకు రెండే. పొగాకు పనికి పోతాను. దాని వల్లనా?

రెండైనా తక్కువేమీ కాదు. తక్కువ తాగినా గుండె ముప్పు గణనీయంగా పెరుగుతుంది. కుర్రవాళ్ళకు నిజంగా గుండెపోటు వచ్చినప్పుడు డాక్టర్లు మొదట అడిగేది పొగ గురించే. పొగాకు పండించే జిల్లాలో ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. మా మేనమామ వాళ్ళు పొదిలి వైపు దాని మీదే పిల్లల్ని చదివించారు.

తడి ఆకు కొట్టే రోజుల్లో వికారం, తలతిప్పు, గుండె దడ వస్తే అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్ళిన నికోటిన్ వల్ల. మంచు మీద ఆకు కోస్తే ఎక్కువ. చేతులకు తొడుగులు, పొడి బట్టలు, పని అయ్యాక సబ్బుతో కడుక్కోవడం చాలావరకు కాపాడతాయి.

జేబులో సార్బిట్రేట్ (గుండె నొప్పికి వేసే బిళ్ళ) పెట్టుకోమంటున్నారు. పెట్టుకోవాలా?

గుండె జబ్బు ఉందని తేలి, డాక్టరు రాసిస్తేనే. ఉత్తినే నాలుక కింద పెట్టుకుంటే బీపీ పడిపోయి కింద పడొచ్చు. ఆస్పిరిన్ కూడా అంతే, 108 వాళ్ళో డాక్టరో చెబితేనే. కొందరికి కడుపులో రక్తం కారుతుంది.

స్మార్ట్ వాచీలో ఈసీజీ వస్తోంది, చాలదా?

చాలదు. గుండె లయ తప్పితే కొన్ని వాచీలు పట్టుకోగలవు. గుండెపోటును పట్టుకోలేవు. భయం ఉన్నవాళ్ళకైతే వాచీ తీసి బీరువాలో పెట్టడమే మేలని నా అనుభవం.

గుండె నొప్పి అని బయటికి తెలిస్తే సంబంధాలు రావని అమ్మ ఎవరికీ చెప్పొద్దంటోంది.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. "ఒంగోలులో చూపించుకుంటే ఎవరన్నా చూస్తారు, గూడూరు పోదాం" అంది అమ్మ. నెల రోజులు ఆలస్యమైంది. ఆడపిల్లకు గుండె జబ్బు అన్న పేరు పడుతుందనే భయం ఆ తరానికి ఎంత బలంగా ఉందో నాకు తెలుసు, అమ్మను తప్పు పట్టను. కానీ అమ్మతో ఇలా చెప్పండి: చూపించుకోకపోతే అనుమానం మిగులుతుంది, చూపించుకుంటే బాగుందని రాసిన కాగితం మిగులుతుంది. మా అమ్మకు ఆ మాట నచ్చింది. ఆ ఎకో రిపోర్టు ఇప్పటికీ పెట్టెలో పట్టుచీర మడతల్లో దాచుకుంది.

నాయనలతో మాట్లాడటం మగపిల్లలకు ఇంకా కష్టం. అన్నతోనో, వదినతోనో, మేనమామతోనో మొదలుపెట్టండి. ఒంటరిగా మాత్రం మోయొద్దు.

భయపడటం తప్ప ఇంకేమన్నా చేయొచ్చా?

గుండె మీద దృష్టి ఎటూ పోదు కాబట్టి దాన్ని పనికొచ్చే వైపు తిప్పండి. సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి, నేర్చుకోండి. గుండెపోటు అంటే రక్తనాళం మూసుకుపోవడం. గుండె ఆగడం అంటే దాని లోపలి కరెంటు గతి తప్పి కొట్టుకోవడమే నిలిచిపోవడం. అప్పుడు మనిషి పడిపోతాడు, ఊపిరి ఉండదు. 108కి చెప్పి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు నొక్కుతూనే ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. మా బళ్ళో తొమ్మిదో తరగతి పిల్లలకు దిండు మీద చేయించి చూపిస్తాను. నా ఛాతీ మీదే వేలు పెట్టుకుని కూర్చునే అలవాటు పోవడానికి అది కూడా ఒక కారణం అనుకుంటున్నాను.

మీకు పూర్తిగా తగ్గిందా?

పూర్తిగా పోలేదు. జనవరి చలిలో, పేపర్లు దిద్దే రోజుల్లో మూడో పక్కటెముక దగ్గర పొడుస్తుంది. వస్తే లేచి నిలబడి భుజాలు వెనక్కి తిప్పుతాను, టేబులు ఎత్తు సరిచూసుకుంటాను. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాయనను తీసుకుని ఆత్మకూరులో బీపీ చూపించాను. 160 ఉంది. నాకెన్నడూ లేని బీపీ ఆయనకుంది. ఇప్పుడు రోజూ ఉదయం ఆయనకు ఫోన్ చేసి మాత్ర వేసుకున్నావా అని అడుగుతాను. "వేసుకున్నాలేమ్మా, నీకెట్టుండాది?" అంటాడు.